జోడీ బండ

అంజిలయ్య పేరెత్తితే ఇప్పటికీ నా కడుపులో ఒక మంట లేస్తుంది. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. తాండూరులో బండలు పరిచేవాళ్ళలో అతణ్ణి మించినవాడు లేడని పదిమందీ అంటారు. నేనూ అంటాను. అంటూనే లోపల కుములుతుంటాను. అతని గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. మెచ్చుకునేవాళ్ళు మనిషిని సగమే చూస్తారు, కళ్ళు కుట్టినవాడు ఏదీ వదలడు. అందుకే నేను రాస్తున్నాను.

నా పేరు నర్సప్ప. మాది బషీరాబాద్ పక్క ఊరు. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. మా నాయన గోడలు కట్టేవాడు. నేను మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివి, తాండూరు వచ్చి ఏసుదాసు మేస్త్రీ దగ్గర బండలు పరిచే పనిలో చేరాను. నేను చేరిన రెండేళ్ళకు, పోలీసు చర్య జరిగిన సంవత్సరం, అంజిలయ్య వచ్చాడు.

అతనిది బంట్వారం వైపు కురుమల ఇల్లు. ఆ ఏటి గొడవల్లో వాళ్ళ గొర్ల మందను ఎవరో తోలుకుపోయారు. రజాకార్లని కొందరు, ఆ పేరు చెప్పుకున్న దొంగలని కొందరు అనేవారు. మంద పోయాక అతను భుజాన గొంగడి, చేతిలో కర్రతో మా పని దగ్గరికి నడిచొచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. తాపీ ఎట్లా పట్టుకోవాలో తెలియదు. సున్నం చెయ్యి తినేస్తుందని తెలియక వట్టి చేతులతో కలిపి, వారం రోజులు అన్నం ముద్ద కలుపుకోలేకపోయాడు. అతనికి తాపీ పట్టడం నేర్పింది నేను. రసమట్టంలో నీటి బుడగ ఎక్కడ నిలవాలో చూపించింది నేను. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పరు.

నాలుగు నెలలకే నాకు గుబులు పట్టుకుంది. గని నుంచి బండ్ల మీద వచ్చిన బండల్ని మేం వచ్చినవి వచ్చినట్టు పరిచేవాళ్ళం. అంజిలయ్య వాటిని గోడకు వరసగా ఆనించి, దూరంగా కూర్చుని పూటంతా చూసేవాడు. తర్వాత లేచి ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు జరిపేవాడు. నీలంగా ఉన్నదాని పక్కన కొంచెం తక్కువ నీలం, దాని పక్కన బూడిద రంగు, దాని పక్కన పసుపు జీర ఉన్నది. వాటికి పేర్లు కూడా పెట్టేవాడు. ‘ఇది బొల్లిది, అది కర్రెది, గిది జర మొండిది’ అనేవాడు. మేమంతా పగలబడి నవ్వాం. అతను పరిచిన మొదటి అరుగు చూశాక నవ్వడం ఆపాం. ఆ అరుగు మీద ఒక బండ ఎక్కడ అయిపోయి ఇంకో బండ ఎక్కడ మొదలైందో వంగి చూస్తే తప్ప తెలియలేదు.

“వీడు గొర్లను గుర్తువట్టినట్టే బండల్ని గుర్తువడ్తుండు రా నర్సప్పా” అన్నాడు ఏసుదాసు మేస్త్రీ. నన్ను ఆయన ఒక్కసారి కూడా అట్లా మెచ్చుకోలేదు. నేను పక్కనే ఉన్నాననైనా చూడలేదు.

మమ్మల్నిద్దర్నీ జోడీ చేసింది కూడా ఆయనే. బండల పని ఒక్కడితో అయ్యేది కాదు, చెరో అంచు పట్టి దించాలి. దానితో పాటు ఆయన దగ్గర ఒక రివాజు ఉండేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళకు తప్ప తాండూరులో ఇంకెవరికీ అది తెలియదు. ఎవరైనా నేలంతా పరిచాక చివరి బండను తను వేయకూడదు. దాన్ని వట్టి ఇసుక మీద పెట్టి వదిలేయాలి. జోడీగాడు చెప్పులు విడిచి వచ్చి, నేలంతా మడమతో కొట్టుకుంటూ నడవాలి. కింద సున్నం సరిగ్గా నిండని చోట బండ గుల్లగా మోగుతుంది. మోగితే చెప్పాలి. ఎక్కడా మోగకపోతే ఆ చివరి బండ కింద జోడీగాడే సున్నం పోసి కూర్చోబెట్టాలి. దాన్నే జోడీ బండ అనేవాళ్ళం. దాన్ని కూర్చోబెట్టాడంటే, ఈ నేలకు వంక లేదని తన చేత్తో ఒప్పుకున్నట్టు.

“నీ పనిల తప్పు నీ కండ్లకు కనవడది. మందిని అడుగు” అనేవాడు మేస్త్రీ.

అట్లా ఏడేళ్ళు అతని నేలలకు నేను, నా నేలలకు అతను జోడీ బండలు వేసుకున్నాం. నేను ఎప్పుడూ గుల్ల కోసం వెతుకుతూ నడిచేవాణ్ణి. దొరికేది కాదు. నా నేల మీద నడిచేటప్పుడు అతనికి ఒకటో రెండో దొరికేవి. పెద్దగా చెప్పేవాడు కాదు. నా పక్కన నిలబడి, “అన్నా, గీడ జర సూడు” అని కాలితో చూపించేవాడు. అంత మెల్లగా చెప్పడం నాకు పుండు మీద కారం చల్లినట్టుండేది. గట్టిగా అరిస్తే కనీసం కొట్లాడేవాణ్ణి.

ఇంటికొస్తే అక్కడా అదే భజన. నా భార్య నాగవ్వ మాతోపాటు సున్నం గంప మోసేది. ఒకరోజు రొట్టె కాలుస్తూ, “అంజిలయ్య ఏసిన నేల మీద జొన్నలు పోసి ఎత్తినా ఒక్క గింజ సందుల ఇరుకది” అంది. నేను రొట్టె వదిలేసి లేచిపోయాను. పెళ్ళానికి కూడా వాడి నేలే నచ్చింది. నేనేం చెప్పుకోను, ఎవరికి చెప్పుకోను?

వికారాబాద్‌లో జాగీరు కచేరీ అని ఒక పాత భవనం ఉండేది. జాగీర్లు రద్దయ్యాక అది సర్కారు చేతికొచ్చింది. నవాబుల కాలంలో మా నాయన ఆ గేటు ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాడట. లోపల ఏముందో మా వాళ్ళెవరూ చూడలేదు. యాభై ఏడులో ఆ భవనాన్ని బాగుచేసి, లోపల సర్కారు దఫ్తర్లు పెట్టాలని నిర్ణయించారు. పాత నేలలు తవ్వి తాండూరు బండలు పరచాలి. ఆ పని చూసే ఓవర్సీర్ సుధాకర్ తాండూరు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. అప్పటికి ఏసుదాసు మేస్త్రీ పోయి ఏడాదైంది.

సుధాకర్ మా ఇద్దర్నీ పిలిచి చెరో పది అడుగుల చదరం పరచమన్నాడు. పరిచాం. మూడో రోజు వచ్చి రెండింటి మీదా బిందెడు నీళ్ళు గుమ్మరించాడు. అంజిలయ్య చదరం మీద నీళ్ళు ఒక్క బొట్టు మిగలకుండా వాటం వైపు జారిపోయాయి. నా చదరంలో ఒక మూల అరచేయంత నీళ్ళు నిలిచాయి. అరచేయంత! నాకిచ్చిన చోట మట్టి మెత్తగా ఉందని చెప్పాను. ఎండ నా వైపే పడిందనీ, సున్నం తొందరగా బిగుసుకుందనీ చెప్పాను. సుధాకర్ నా మాటలు వింటూనే అంజిలయ్య వైపు తిరిగి, “పని నీదేనయ్యా” అన్నాడు.

“అన్న గిట వస్తే ఇద్దరం జేస్తం సార్” అన్నాడు అంజిలయ్య.

“నీ చేతికింద పెట్టుకుంటానంటే పెట్టుకో, నాకేం” అన్నాడు సుధాకర్.

నా తల కొట్టేసినట్టయింది. నేను తాపీ పట్టించినవాడి చేతికింద నేను పని చేయాలా? రానని ముఖం మీదే చెప్పాను. ఆ సాయంత్రం అంజిలయ్య మా ఇంటికొచ్చి, “అన్నా, గట్లనకు. ఓవర్సీర్ ఏమన్నా మనం జోడీనే గద” అని గంటసేపు బతిమాలాడు. నేను వక్క కొరుకుతూ వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

అతను వికారాబాద్ పోయాడు. పది నెలలు అక్కడే ఉన్నాడు. ఆ పది నెలలు నేను తాండూరులో ఒక కందుల వ్యాపారి గోదాముకు, ఇద్దరు ముగ్గురి పశువుల కొట్టాలకు బండలు పరిచాను. వికారాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ప్రతివాడూ ఆ కచేరీ మాటే చెప్పేవాడు. లోపల నడుస్తుంటే నీళ్ళ మీద నడిచినట్టుందన్నాడొకడు. తలుపు దగ్గర నీలంతో మొదలై, లోపలికి పోయేకొద్దీ పసుపైపోతుందన్నాడొకడు. నేను వాళ్ళతో కలిసి తల ఊపేవాణ్ణి. తర్వాత ఆ రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు.

యాభై ఎనిమిది పంద్రాగస్టుకు కచేరీ తలుపులు తెరుస్తారని, ఆ రోజు ఎవరైనా లోపలికి పోయి చూడొచ్చని చాటింపు వేశారు. దానికి ముందు అంజిలయ్య భార్య జంగమ్మ మా ఇంటికి కబురు తెచ్చింది.

“పండుగకు ఒక దినం ముందుగాల రమ్మన్నడు బావా. నీ కోసం ఒకటి ఉంచిండట. గట్ల జెప్తే నీకు తెలుస్తది అన్నడు.”

తెలియకేం. జోడీ బండ. అందరికీ తెలిసిన ఆ నేలకు చివరి బండ నా చేత వేయించాలని చూస్తున్నాడు. నాగవ్వ ముఖం వెలిగిపోయింది. “సూసినవా, నిన్ను మరువలే” అంది. నాకు మాత్రం అది ఇంకోలా తోచింది. వేల బండలు తను వేసి, ఒక్కటి నాకు దానం చేస్తాడా? పైగా ఆ ఒక్కటి వేస్తే, ఆ నేలకు వంక లేదని నా చేత్తో నేనే ఒప్పుకోవాలి. రాత్రింబవళ్ళు అదే ఆలోచన. చివరకు పోవాలనే అనుకున్నాను. పది నెలల పనిలో ఒక్క గుల్లైనా ఉండదా? అది దొరికితే చాలు, నేను ఆ బండ వేయనక్కరలేదు.

పద్నాలుగో తేదీ పొద్దున ప్యాసింజరు బండిలో నేను, నాగవ్వ వికారాబాద్‌లో దిగాం. ఆమె పెళ్ళినాటి పట్టంచు చీర కట్టుకుంది. గేటు దగ్గర జవాను, అంజిలయ్య మనుషులమని చెప్పగానే వదిలాడు. నా పేరు చెబితే వదిలేవాడు కాదు. అది కూడా గుచ్చుకుంది.

అంజిలయ్య ఎదురొచ్చి, “రా అన్నా, రా వదినే” అని లోపలికి తీసుకుపోయాడు. పది నెలల్లో బాగా చిక్కాడు. మోకాళ్ళు కాయలు కాసి ఉన్నాయి.

ఆ భవనం ఎట్లా ఉందని అడిగితే నేను చెప్పలేను. నాగవ్వ చెబుతుంది. తలుపులు ఏనుగు పట్టేంత ఎత్తున్నాయట. కమానుల మీద పూలు చెక్కారట. పైకప్పు నుంచి గాజు దీపాలు వేలాడుతున్నాయట. కర్ర మెట్ల మీద చెయ్యి పెడితే అద్దంలా జారిందట. నేను ఇవేవీ చూడలేదు. నేను చూసింది నేల ఒక్కటే. చెప్పులు విడిచి, ప్రతి బండ మీదా మడమ వేసి కొట్టుకుంటూ నడిచాను. మొదటి గది అయింది. రెండో గది అయింది. పెద్ద హాలు అడ్డంగా నడిచాను, నిలువుగా నడిచాను, మూలమూలకూ పోయాను. ప్రతి బండా నిండుగా పలికింది. సందుల్లో గోరు దూర్చబోతే దూరలేదు. నీలం మెల్లగా బూడిద రంగై, బూడిద మెల్లగా పసుపైంది. అంజిలయ్య నా వెనకే నడుస్తున్నాడు. నేను గుల్ల కోసం వెతుకుతున్నానని అతనికి తెలుసు, జోడీగా ఉన్న ఏడేళ్ళూ తెలుసు. జోడీగాడు వెతకాల్సిందే కదా అనుకునేవాడు. నేను ఏ మనసుతో వెతుకుతున్నానో మాత్రం అతనికి తెలియలేదు.

చివరి గది గడప దగ్గరికి వచ్చేసరికి నా మడమ వాచింది. ఒక్క గుల్ల దొరకలేదు. అక్కడ గడపను ఆనుకుని జోడీ బండ ఉంది, ఇసుక మీద పెట్టి. చుట్టూ ఉన్న వాటిలోకి ఎంత చక్కగా అమరిందంటే, తెలిసినవాడు తప్ప అది వేయని బండ అనుకోడు. పక్కన తడి గోనెపట్టా కప్పిన సున్నం గిన్నె. అంజిలయ్య నడుం నుంచి తాపీ తీసి పిడి నా వైపు చాపాడు.

“కూసోబెట్టు అన్నా. మేస్త్రీ ఉంటే మస్తు ఖుష్ అవుతుండె.”

నేను చెయ్యి చాపలేదు. అదే సమయానికి ఓవర్సీర్ సుధాకర్ అటుగా వచ్చాడు. “అంతా అయినట్టేనా అంజిలయ్యా? రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు” అన్నాడు. నా కాలు నా మాట వినలేదనడం అబద్ధం. నేను తెలిసే లేపాను. తెలిసే ఆ బండ మీద మడమతో గట్టిగా కొట్టాను. గుల్లగా మోగింది.

“ఇక్కడ గుల్ల ఉంది సార్” అన్నాను. “ఇంకెన్ని ఉన్నాయో చూసుకోండి.”

సుధాకర్ వంగి చేత్తో కదిపాడు. బండ కదిలింది. ఎత్తి చూస్తే కింద వట్టి ఇసుక. అతని ముఖం ఎర్రబడింది. “సున్నం లేకుండా వేశావా? ఎన్ని చోట్ల చేశావిట్లా?” అని అరిచాడు. కూలీలను కేకేసి, గునపాలు తెప్పించి, పెద్ద హాల్లో తనకిష్టమొచ్చిన చోట అయిదు బండలు పెకిలించమన్నాడు.

మొదటిది పెకిలించారు. కింద సున్నం నిండుగా ఉంది. రెండోది విరిగింది, దాని కిందా నిండుగానే ఉంది. మొదటి రెండింటికీ నేను గుల్ల ఉండాలనే కోరుకున్నాను. మూడోదానికి వచ్చేసరికి ఆ కోరిక చచ్చిపోయింది. దాని మీద పడిన గునపం దెబ్బకు అంజిలయ్య కళ్ళు మూసుకున్నాడు.

నాగవ్వ ముందుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని, ఓవర్సీర్ ముఖంలోకి చూస్తూ మాట్లాడింది.

“అది తప్పు గాదు సారు. జోడీ బండ అది. ఆఖరుది జోడీగాడే ఎయ్యాలె. గది మా మేస్త్రీ పెట్టిన రివాజు. నా పెనిమిటి కోసమే గట్ల ఇడిసిపెట్టిండు. అడుగుండ్రి, గీయననే అడుగుండ్రి.”

సుధాకర్ నా వైపు తిరిగాడు. “నిజమేనా? అట్లాంటి రివాజు ఉందా?”

ఒక్క మాట చాలు. ఉందంటే అయిపోయేది. తాపీ అందుకుని, సున్నం పోసి, ఆ బండ కూర్చోబెట్టి, రాత్రి బండికి ఇంటికి వచ్చేవాణ్ణి. కానీ ఆ నేలకు వంక లేదని పదిమంది ముందు నా నోటితో చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

“అట్లాంటి రివాజు మాకేం లేదు సార్” అన్నాను.

సుధాకర్ అంజిలయ్యను అడిగాడు. అంజిలయ్య నన్ను చూశాడు. కోపంతో కాదు. పేర్లు పెట్టి పిలుచుకున్న బండల్ని చూసినట్టు, ఇది ఎక్కడిది, దేని పక్కన పెట్టాలి అని ఆలోచిస్తున్నట్టు చూశాడు.

“అన్న జెప్పిండు గద సార్. నాదే పొరపాటు” అన్నాడు.

తాపీ వెనక్కి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, సున్నం పోసి, ఆ బండను ఒక్కడే దించుకున్నాడు. అవతలి అంచు పట్టడానికి నేను వంగలేదు. మిగిలిన పొద్దంతా అతను పెకిలించిన వాటిని మళ్ళీ వేస్తూనే ఉన్నాడు. మేం స్టేషనుకు నడిచాం. బండిలో నాగవ్వ నాకు దూరంగా, వేరే ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

సుధాకర్ అంతకుముందు పట్నంలో ఇంకో పెద్ద పని అంజిలయ్యకే ఇస్తానన్నాడట. ఆ తర్వాత అతన్ని పిలవలేదు. నన్నూ పిలవలేదు. అంజిలయ్య తాండూరు తిరిగొచ్చి దొరికిన పని చేసుకున్నాడు. దారిలో కనిపిస్తే ‘అన్నా’ అనే పిలిచేవాడు. మా పిల్ల పెళ్ళికి వచ్చి పందిరి గుంజలు పాతాడు. తన నేలలకు చివరి బండ మాత్రం తనే వేసుకునేవాడు. నా దగ్గరికి ఒక్కసారీ కబురు పంపలేదు. జనం అతని నేలల్ని అప్పటిలాగే పొగిడేవాళ్ళు. నా మంట అప్పటిలాగే ఉండేది.

అరవై నాలుగులో నేను సొంతిల్లు కట్టుకున్నాను. నేలంతా నేనే పరిచాను. బండల్ని గోడకు ఆనించి, దూరంగా కూర్చుని, అతని లాగే రోజుల తరబడి చూసి, రంగుకు రంగు కలిపి పరిచాను. నా జీవితంలో అంత మంచి నేల పరచలేదు. వంటింటి గుమ్మం దగ్గర చివరి బండను ఇసుక మీద పెట్టి, సున్నం కలిపి తడి గోనె కప్పి, అంజిలయ్యకు కబురు పంపాను.

వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచాడు. నేలంతా మడమతో కొట్టుకుంటూ, ఎక్కడా వదలకుండా నడిచాడు. నేను అతని వెనకే నడిచాను. గుమ్మం దగ్గర నాగవ్వ నిలబడి ఉంది.

“ఎక్కడ గుల్ల లేదు అన్నా. మస్తు మంచిగ ఏసినవ్” అన్నాడు.

నేను తాపీ పిడి అతని వైపు చాపాను. అతను దాన్ని చూశాడు, ఇసుక మీద ఉన్న బండను చూశాడు. వాకిట్లోకి పోయి చెప్పులు తొడుక్కున్నాడు.

“గట్లాంటి రివాజు మనకు లేదు గద అన్నా” అన్నాడు మెల్లగా, నేను ఒక్కణ్ణే వినేటట్టు. వెళ్ళిపోయాడు.

ఆ బండ నేనే వేసుకున్నాను. అవతలి అంచు పట్టమని నాగవ్వను అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. దాని మీద నడిచిన ప్రతిసారీ అంజిలయ్య మీద నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది. నేనైతే ఆ మాట ఊరంతా వినేటట్టు అరిచి చెప్పేవాణ్ణి.